నా పేరుతో అచ్చయిన ఆమె మాట

నా ఉద్యోగకాలంలో నేను చదివినన్ని ప్రేమకథలు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చదివుండరు. గొప్పకు చెప్తాందని మీరనుకోవచ్చు. గొప్పకే చెప్తాండా. రాజులు, రాణులు, కోటలు, గుర్రాలు, చెలికత్తెలు మోసుకుపోయిన ఉత్తరాలు, సరిగ్గా పెండ్లి ముందురోజు వచ్చిపడే యుద్ధాలు. పాత కావ్యాలను ఈ కాలం వాళ్లు పట్టుకొని మళ్లీ కొత్తగా చెప్పిన నవలలు. అన్నీ చదివినా. చదివి, ఎట్లుండాయో ఒక మాసపత్రికకు రాసి పంపినా. ఇదంతా ఉద్యోగంలో భాగమే అంటే మా ఇంట్లో చివరిదాకా ఎవరూ నమ్మలేదు.

కదిరికి, తనకల్లుకు నడుమ ఒక ఊర్లో శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసినాను. రిటైరై రెండేండ్లయింది. ఊరి పేరెందుకులెండి. ఒక హాలు, ఒక చిన్న గది, ఆరు బీరువాలు, పేపర్లు పరచుకునే పొడవాటి బల్ల. నేను, అటెండరు. అంతే మా ఆఫీసు.

ఇప్పుడు పరీక్షలు రాసి ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తాండే పిల్లల కోసం ఇది రాస్తాండా. పుస్తకాలకు నంబర్లు వేసేది, బీరువాల్లో వరసగా పెట్టేది మీకు నేర్పించే పంపిస్తారు. కౌంటరు అవతల నిలబడిన మనిషి ఒక మాట చెప్తే, ఆ మాటను ఏ వరసలో పెట్టాల, ఎవరి పేరు కింద పెట్టాల అనేది ఎవరూ నేర్పరు. నేను తప్పు చేసి నేర్చుకున్నా.

నేను సమీక్షకురాలినైన కథ మొదట చెప్పాల. మాది ధర్మవరం. మా నాయన మగ్గం నేసేవాడు. నాయన పక్కన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూచొని చదువుకున్న దాన్ని. ఉద్యోగంలో చేరిన కొన్నేండ్లకు ఒక చారిత్రక నవల చేతికొచ్చింది. అందులో రాణి తన ప్రియుడు యుద్ధం నుంచి తిరిగొచ్చే లోపల ఒక్క రాత్రిలో, ఒక్కతే కూచొని పట్టుచీర నేసేస్తుంది. జరీ అంచుతో సహా. నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. పడుగు పోగులు సిద్ధం చేసుకునేదానికే ఇంటిల్లిపాదీ దినాల తరబడి కష్టపడాలనీ, రాణిగారు అంత పని ఒక్క రాత్రిలో చేసింటే మా ధర్మవరం వాళ్లంతా ఆమె దగ్గర పని నేర్చుకోవాల్సిందేననీ పత్రికకు ఉత్తరం రాసినాను. ఉత్తరం అచ్చయింది. వారం తిరక్కుండానే సంపాదకుడు ఫోన్ చేసినాడు.

"మేడం, మీరు ఇంక ఉత్తరాలు రాయొద్దు. సమీక్షలు రాయండి. ఈ రాజుల ప్రేమకథలు చదివేవాళ్లు మా దగ్గర ఎవరూ లేరు. కవిత్వమంటే నేనూ నేనూ అని వస్తారు. ఇవంటే మొహం తిప్పుకుంటారు."

అట్ల మొదలైంది. రెండు మూడు నెలలకొకసారి పార్సిలొచ్చేది. నేను చదివి, తప్పులు పట్టి, మంచిని మెచ్చుకొని రాసేదాన్ని. నగలు, చీరలు, అంతఃపురాలు, వీటిల్లో నన్ను దాటుకొని తప్పు పోయేది కాదు. రచయితలకు నేనంటే కొంచెం భయముండేదని సంపాదకుడే చెప్పినాడు. ఆ మాట విని నేను పొంగిపోయినా.

ఇంక ఆమె సంగతి.

మా ఊర్లో సంత జరిగే రోజు లైబ్రరీకి జనం ఎక్కువ. సంచులు పక్కన పెట్టుకొని ఫ్యాను కింద కాసేపు కూచొని పోయేవాళ్లే శానా మంది. ఒక సంత రోజు పొద్దున యాభై దాటిన మనిషి ఒకామె వాకిలి దగ్గర నిలబడింది. భుజాన మడిచిన నల్ల కంబళి, చేతిలో కట్టె. కట్టెను బయట గోడకు ఆనించి, "చెప్పులు యాడ ఇడవాల?" అనడిగింది. లోపలికొచ్చి బీరువాలన్నీ ఒక చూపు చూసింది.

"రాజుల కాలం ప్రేమకత ఉంటే ఇయ్యి మేడమ్మా. ఇప్పటి కతలొద్దు. ఇప్పటివి నాకు తెలుసు."

పక్క పల్లె నుంచి నాలుగు మైళ్లు నడిచొచ్చింది. గొర్రెలు కాసుకునే కుటుంబం. పెద్దవాళ్లకు చదువు చెప్పే సాయంకాలపు బడిలో నలభై ఏండ్లు దాటినాక అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టుకొని, పెదాలు కదిలించుకుంటా చదివేది. పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకొని మేత దగ్గరికి తీసుకపోయేది. ఒకసారి పుస్తకం వాపసిస్తా, "ఈ మూల నా గొర్రెపిల్ల కొరికేసినాది. అది చదువురాని ముండ, నువ్వు ఏమనుకోవద్దు" అనింది. మా అటెండరన్న ఆ మూలకు కాగితం అతికించినాడు. అతికించేంతసేపూ నవ్వుతానే ఉన్యాడు.

ఆయన నాకంటే నాలుగేండ్లు పెద్ద. మితంగా మాట్లాడే మనిషి. పొద్దున పేపర్లు బల్ల మీద పరిచేటప్పుడు ఒక్కొక్క పేపరునూ చేత్తో సాపు చేసేవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన మేడం అనేవాడు. ఇరవై ఏండ్లు ఒకే హాల్లో పనిచేసినాం. ఆయన నన్ను తప్పు పట్టింది ఒకే ఒక్కసారి. ఆ సంగతికే వస్తాండా.

ఆమెను మేము గొర్రెలక్క అనేవాళ్లం. ప్రతి సంతకూ వచ్చేది. పుస్తకం వాపసిచ్చి ఊరికే పోయేది కాదు, తీర్పు చెప్పి పోయేది. భర్త వెంట అడవికి పోయిన రాణి కథను ఎవరో కొత్తగా చెప్పిన నవల చదివి, "అన్ని దినాలు అడవిలో తిరిగింది, ఒక్క దినమన్నా కాలికి ముల్లు దిగలేదు మేడమ్మా ఆమెకి. అడవా, అంగడివీధా?" అనింది. ఇంకొక నవలలో రాకుమారుడు కోట గోడెక్కి వస్తాడు. "కుక్కలు మొరగలేదు. రాజు ఇంట్లో కుక్కలుండవా?" అనింది. నేను ఆ మాటలు ఒక చిన్న ప్యాడ్‌లో రాసుకునేదాన్ని. మొదట్లో సమీక్షల్లో "ఒక పాఠకురాలు అన్నట్టు" అని రాసి ఆమె మాట ఒకటి పెట్టేదాన్ని. కొన్నాళ్లకు ఆ "అన్నట్టు" పోయింది. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. తెలీదు అనేది అబద్ధం. తెలుసు. పట్టించుకోలేదు.

అట్లుండంగా ఒక పెద్ద నవల వచ్చింది. రాసినాయన పేరు తెలీని తెలుగు పాఠకుడు ఉండడు. పాలెగాళ్ల కాలంలో మా మెట్ట సీమలో జరిగినట్టు ఒక పాత కావ్యం ఉండాది. అందులో పాలెగాని కొడుకు, గొర్రెలు కాసే పిల్ల ప్రేమించుకుంటారు. కావ్యంలో ఆ పిల్లకు దక్కింది నాలుగు పద్యాలే. ఈయన ఆ నాలుగు పద్యాలను నాలుగు వందల పేజీలు చేసినాడు. భాష తేనె మాదిరి ఉండాది. పేపర్లన్నీ మెచ్చుకుంటాండాయి. సంపాదకుడు ఫోన్ చేసి, "ఇది మీ సీమ కథ మేడం. మీరే రాయాల. రెండు పేజీలు పెడతా" అన్నాడు.

నేను రెండుసార్లు చదివినా. చీరలు చూసినా, సరిగానే ఉండాయి. నగలు చూసినా, సరిగానే ఉండాయి. కరువొస్తుంది, పాలెగాని కొడుకు యుద్ధానికి పోతాడు, ఆ పిల్ల గుట్ట మీద బండ పైన కూచొని ఆర్నెల్లు ఆయన కోసం ఎదురు చూస్తుంది. ఆయన గుర్రమెక్కి వచ్చి ఆమెను వెనక కూచోబెట్టుకొని పోతాడు. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. మెచ్చుకుంటా సమీక్ష రాసి పెట్టుకున్నా. సాపు ప్రతి రాయాల్సి ఉండాది, అంతే.

లైబ్రరీకి వచ్చిన ప్రతిని గొర్రెలక్క తీసుకపోయింది. నాలుగు వందల పేజీలు కదా, మూడు సంతలు పట్టింది. నాలుగో సంతకు వచ్చి పుస్తకాన్ని కౌంటరు మీద పెట్టి, చెయ్యి దాని మీదనే ఉంచింది.

"బాగుండాది అక్కా?" అన్నా నేను. బాగుందనే చెప్తుందనుకున్నా. ఆమె కులం పిల్ల కథ కదా.

"ఈయప్ప గొర్రెను యాడా చూసినట్టు లేదు మేడమ్మా."

"ఎందుకట్లా అంటావు?"

"కరువులో ఆర్నెల్లు ఆ గుట్ట మీదనే కూచునింది కదా ఈ పిల్ల. గొర్రెలు ఏం తిన్యాయి? రాళ్లా?"

నాలుగు వందల పేజీలు రెండుసార్లు చదివినదాన్ని. ఆ ప్రశ్న నాకు రాలేదు.

ఆమె ఆపలేదు. "వాన లేకపోతే మేము ఈడ ఉంటామా? మందను తోలుకోని మడకశిర మీదుగా కన్నడ సీమకు పోతాం. ఆడ చెరువుల కింద కోసిన మళ్లుంటాయి. నాలుగు నెల్లో, ఐదు నెల్లో. పిల్లాజెల్లా, చట్టీ కుండా, అన్నీ ఎత్తుకోనే పోతాం. ఆ పిలగాడు గుర్రమేసుకోని వచ్చినాడే అనుకో. గుట్ట మీద ఎవరుంటారు? ఎవరూ ఉండరు. ఊరూరా అడుక్కుంటా పోవాల వాడు. ఇట్ల నల్ల మంద పోయిందా, ఇట్ల ఒక పిల్ల పోయిందా అని. ఇంగోటి. గొర్రె పాలు చెంబుకు పిండి వానికిచ్చిందంట. కరువులో! పిల్లలేం తాగాల?"

"మరి చివరకు గుర్రం మీద..."

"మందను ఇడిసిపెట్టి పోతాదా? ఎట్ల పోతాది? ఆయనే మంద ఎనక రావాల. వచ్చి బాయిలో నీళ్లు తోడాల. దావలో గొర్రె ఈనితే పిల్లను బుజానేసుకోని నడవాల. అప్పుడు ఆ పిల్ల సూస్తాది, ఈడు నిలుస్తాడా నిలవడా అని. అది ప్రేమకత. ఇదేంది? ఎత్తుకపోయినట్టుండాది."

అటెండరన్న బీరువా తలుపు పట్టుకొని అట్లనే నిలబడి వింటాండాడు.

ఆమె పోయినాక నేను రాసి పెట్టుకున్న సమీక్షను చింపేసినా. రెండు రోజులు కూచొని కొత్తది రాసినా. నా చేతి నుంచి అంత మంచి సమీక్ష అంతకుముందు రాలేదు. కరువులో మందలు కదులుతాయనీ, ఈ నవలలో కరువుంది గానీ కదలిక లేదనీ, అందమైన బండ మీద నాయికను బొమ్మ మాదిరి కూచోబెట్టినారనీ రాసినా. గొర్రె పాల సంగతి రాసినా. మొదట "మా లైబ్రరీకి వచ్చే ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న" అని మొదలుపెట్టినా. తర్వాత ఆ వాక్యం కొట్టేసినా. ఎందుకు కొట్టేసినానంటే, అంత పెద్ద రచయితను ఎదిరించేటప్పుడు నా మాట గట్టిగా ఉండాల, ఎవరో అన్నారంటే బరువు తగ్గుతుంది అని నాకు నేనే చెప్పుకున్నా. చివర ఆమె చెప్పిన ఆ మాట, ఆయనే మంద వెనక రావాలనేది, మోటుగా ఉండాదని ఒదిలేసినా.

సమీక్ష అచ్చయింది. ఎప్పుడూ లేనంత పేరొచ్చింది. పేజీలు ఫోన్లో ఫోటోలు తీసి గ్రూపుల్లో పంపుకున్నారు. కాలేజీల్లో తెలుగు చెప్పే ఒక పెద్దాయన ఫోన్ చేసి, "మట్టిని ఎరిగిన విమర్శ అమ్మా ఇది" అన్నాడు. నేను థాంక్సండీ అన్నా. ఆ పొద్దు ఇంటికి పోయి నా సమీక్షను నేనే నాలుగుసార్లు చదువుకున్నా.

మరుసటి రోజు అటెండరన్న పత్రిక చదివి మడిచి బల్ల మీద పెట్టినాడు.

"బాగా రాసినారు మేడం. ఆమెకు చూపించినారా?"

"చూపిస్తా అన్నా" అని చెప్పినా.

చూపించలేదు. సంత రోజు పొద్దున ఆ సంచికను బల్ల మీద నుంచి తీసి నా సొరుగులో పెట్టుకున్నా. గొర్రెలక్క వచ్చి పత్రికల అర దగ్గర వెతికింది. "ఈ నెల బుక్కు రాలేదా మేడమ్మా?" అనింది. "ఇంకా రాలేదక్కా" అన్నా.

పిల్లలూ, లైబ్రేరియన్ చేయగూడని పనులు శానా ఉండాయి. పుస్తకం చింపగూడదు, పోగొట్టగూడదు. కానీ ఒక పాఠకురాలు చదవగూడదని ఒక పత్రికను సొరుగులో దాచేది, అంతకంటే నీచమైన పని మన ఉద్యోగంలో ఇంకోటి లేదు. నేను అది చేసినా.

రెండు వారాలకు అనంతపురం నుంచి ఆహ్వానమొచ్చింది. ఆ నవల మీద సభ. రచయిత వస్తాండాడు. నా సమీక్ష చదివి, ఆమెను తప్పకుండా మాట్లాడించండి అని ఆయనే అడిగినాడంట. కార్డు మీద నా పేరు, కింద 'ప్రసిద్ధ విమర్శకురాలు' అని. కార్డును అటెండరన్నకు చూపించినా. ఆయన చదివి, రెండు వేళ్లతో పట్టుకొని నాకు తిరిగిచ్చినాడు.

"మేడం, ఆ పొద్దు ఆమె చెప్తాంటే నేనూ ఈడనే ఉన్యా."

అంతే అన్నాడు. పోయి పేపర్లు సర్దుకుంటా ఉన్యాడు. నేను కార్డు చేతిలో పట్టుకొని కూచున్నా. అన్నేండ్ల సర్వీసులో అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

మరుసటి దినం ఒకపూట సెలవు పెట్టి, పత్రిక సంచిలో పెట్టుకొని, ఆటోలో ఆమె పల్లెకు పోయినా. వేరుశనగ పీకేసిన చేన్లో మంద ఆపి ఉండాది. ఈనే కాలం. ఆమె ఒక గొర్రె పక్కన కూచొని అప్పుడే పుట్టిన పిల్లను గడ్డితో తుడుస్తాండాది.

"ఏం మేడమ్మా, నువ్వే వచ్చినావు? పుస్తకం గడువు దాటలేదు కదా?"

నేను గట్టు మీద కూచొని జరిగిందంతా చెప్పినా. పత్రిక దాచింది కూడా చెప్పినా. ఆమె పిల్లను తుడుస్తానే "చదువు, విందాం" అనింది. నేను రెండు పేజీలూ చదివినా.

చదివేది అయిపోయినా ఆమె ఇంకా వింటాండేటట్టే చూస్తాండాది.

"ఇంగ?"

"అంతే అక్కా."

"అంతేనా? ఆయన మంద ఎనక రావాలని చెప్పినా కదా. అది యాడ పోయింది?"

"అది... రాయలేదక్కా."

ఆమెకు అప్పుడు కోపమొచ్చింది. అంతవరకు రాలేదు. "నా పేరు లేకపోతే పోనీలే. పేరు పెట్టుకోని నేనేం చేస్తా? నా మాట సగమే ఏల రాసినావు? తప్పు పట్టింది రాసినావు, ఒప్పు చెప్పింది ఇడిసిపెట్టినావు. ఆ రాసినాయప్ప ఏమనుకుంటాడు? ఊరికే తిడతాండాదనుకోడా?"

ఇన్నేండ్లలో నా సమీక్షను అంత సూటిగా ఎవరూ సమీక్షించలేదు. తప్పు పట్టి ఒప్పు చెప్పకపోవడం. నేను ఇన్ని సంవత్సరాలుగా చేస్తాండింది అదే.

"నువ్వే రా అక్కా. వచ్చి నువ్వే చెప్పు" అన్నా.

"ఈనే కాలంలో మందను ఇడిసి యాడికి వచ్చేది?" అనింది. గొర్రెపిల్లను తల్లి దగ్గరికి తోసింది. అది లేచి నిలబడి, పడి, మళ్లీ లేచింది. కాసేపు దాన్నే చూసి, "ఆదివారమేనా? నా కోడలు సూసుకుంటాదిలే. ఒక్కపూటకు వస్తా" అనింది.

ఆదివారం పొద్దున కదిరిలో బస్సెక్కినాం. నేను, ఆమె, అటెండరన్న. ఆయనను నేను పిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొని బస్టాండులో నిలబడున్యాడు.

హాలు నిండిపోయింది. రచయిత ముందే వచ్చి కూచున్యాడు. తెల్లటి జుట్టు, నెమ్మదైన మనిషి. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టినాడు. "మీ సమీక్ష నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదండీ. ఇంత కాలం రాస్తున్నా, ఇట్లా ఎవరూ పట్టుకోలేదు" అన్నాడు. మా వాళ్లిద్దరినీ మూడో వరసలో కూచోబెట్టి వేదిక ఎక్కినా. నన్ను పరిచయం చేసినాయన ఐదు నిమిషాలు పొగిడినాడు. ఆ ఐదు నిమిషాలూ నేను మైకు వైరునే చూస్తా కూచున్నా.

నా వంతు వచ్చింది. రాసుకొచ్చిన కాగితం మడిచి పర్సులో పెట్టినా.

"మీరు మెచ్చుకున్న సమీక్షలో భాష నాది. అందులోని ఆలోచన ఒక్కటి కూడా నాది కాదు. ఈ నవలను నేను రెండుసార్లు చదివి, బాగుందని రాసి పెట్టుకున్నా. తప్పులన్నీ పట్టింది మా లైబ్రరీ పాఠకురాలు. ఆమె పేరు రాయకుండా నా పేరు పెట్టుకున్నా. ఆమె చూడగూడదని ఆ పత్రికను దాచిపెట్టినా. ఇది దొంగతనమే. ఆమె ఈడనే ఉండాది. మాట్లాడాల్సింది ఆమె, నేను కాదు."

హాల్లో గుసగుసలు మొదలైనాయి. ముందు వరసలో ఒకాయన గట్టిగానే, "ఇట్లాంటి వాళ్లను వేదికలెక్కిస్తే ఇంతే" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. సభ నడిపేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు వేదిక మీదున్న రచయిత లేచి, మెట్లు దిగి, మూడో వరస దగ్గరికి పోయినాడు.

"రండమ్మా" అన్నాడు.

గొర్రెలక్క కంబళి సర్దుకొని లేచింది. వేదిక ఎక్కింది. మైకు ఆమెకు ఎత్తుగా ఉంటే అటెండరన్న వెనకాలే వచ్చి దాన్ని కిందికి వంచి, తిరిగి పోయి తన కుర్చీలో కూచున్యాడు.

"ఏమప్పా, రాసినాయప్పవు నువ్వేనా?" అనింది. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వినాడు.

"నేనేనమ్మా. తప్పులు చెప్పండి."

ఆమె చెప్పింది. నాకు చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా, ఒక్క మాట పెంచకుండా. గొర్రెలు రాళ్లు తిన్యాయా అన్నప్పుడు మళ్లీ నవ్వినారు. మందను తోలుకొని కన్నడ సీమకు పోయే దావ చెప్పేటప్పుడు నవ్వులు ఆగిపోయినాయి. యాడ నీళ్లుంటాయి, యాడ ఉండవు, ఏ ఊర్లో రానిస్తారు, ఏ ఊర్లో కట్టెలెత్తుకొని తరుముతారు, దావలో తను ఒక బిడ్డను ఎట్ల కన్నది, అన్నీ చెప్పింది. వెనక వరసల్లో నిలబడినవాళ్లు ముందుకు జరిగినారు.

రచయిత శ్రద్ధగా విన్నాడు. విని, ఒక మాట అన్నాడు. న్యాయమైన మాటే అది.

"మీరు చెప్పిందంతా నిజమేనమ్మా. కానీ ఇది నా సొంత కథ కాదు. పాత కావ్యంలో ఆ పిల్ల గుట్ట మీదనే ఎదురు చూసింది. గుర్రం మీదనే పోయింది. నేను దాన్నే మళ్లీ రాసినాను. మూలాన్ని మార్చే హక్కు నాకుందా?"

నాలాంటి వాళ్లయితే దీనికి జవాబుగా నాలుగు పేజీల వ్యాసం రాస్తాం. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఆ పాతాయప్ప కూడా గొర్రెల్ని సూడలేదేమోలేప్పా. ఆయన కోటలో కూచోని రాసుకున్యాడు. నువ్వన్నా సూడాల కదా. ఉన్నది ఉన్నట్టే ఉంచేదానికైతే మళ్లీ రాసేదెందుకు?"

హాలంతా చప్పట్లు కొట్టినారు, శానాసేపు కొట్టినారు. నేను వేదిక మీద ఒక మూల కూచొని ఏడుస్తా నవ్వుతాండా. సిగ్గు పోలేదు. దాని పక్కనే గర్వమొచ్చి కూచునింది. ఈమె మా లైబ్రరీ పాఠకురాలు. నేను మెంబరు కార్డు రాసిచ్చిన పాఠకురాలు.

సంపాదకుడు మాత్రం నన్ను ఒదల్లేదు. మరుసటి రోజే ఫోన్ చేసి గట్టిగా తిట్టినాడు. తిట్టాల్సిందే. పడినా. నాలుగు నెలలు పార్సిల్ రాలేదు. ఇంక రాదనుకున్నా. ఐదో నెల వచ్చింది. అట్ట మీద రెండు పేర్లున్యాయి, మొదట ఆమెది, కింద నాది. లోపల చీటీ: 'చెప్పేది ఆమె, రాసేది మీరు. సగం మాట ఒదిలేయొద్దు.' అప్పటి నుంచి నేను రిటైరయ్యేదాకా, అయినాక కూడా, మా సమీక్షలు రెండు పేర్లతోనే వస్తాండాయి. ఆమెను చూసి సంత రోజు ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్లు లైబ్రరీకి వచ్చేది మొదలైంది. ఒకరు పచ్చి మిరపకాయలమ్మే ఆమె, ఒకరు బీడీలు చుట్టే ఆమె. ఒక్కొక్కరూ ఒక్కొక్క రాణిని పట్టుకొని దులిపేవాళ్లు. అటెండరన్న రిటైరయ్యే ముందు వాళ్ల కోసం పొడవాటి బల్ల పక్కన ఇంకో బెంచీ వేయించిపోయినాడు.

ఒక ఎండాకాలం రచయిత చెప్పాపెట్టకుండా మా ఊరికి దిగినాడు. రెండు దినాలు గొర్రెలక్క కుటుంబంతో ఉండి మంద వెంట తిరిగినాడు. మొదటి దినం సాయంత్రానికి కాళ్లు బొబ్బలెక్కి ఆటోలో తిరిగొచ్చినాడు. రెండో దినం మళ్లీ పోయినాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా బస్సెక్కి వెళ్లిపోయినాడు.

ఆ మరుసటి ఏడు నవల మళ్లీ అచ్చయింది. చివరి మూడు అధ్యాయాలు కొత్తవి. పత్రిక వాళ్లు ఒక ప్రతి పంపినారు. నేను చదవకుండా మొదట ఆమెకే ఇచ్చినా. రెండు సంతలు రాలేదు ఆమె. మూడో సంతకు వచ్చి పుస్తకం కౌంటరు మీద పెట్టింది.

"ఎట్లుండాది అక్కా?"

ఆమె కంబళి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఆ పిలగాడు ఐదూర్లు అడుక్కుంటా పోతాడు మేడమ్మా. ఎవరూ సరిగా చెప్పరు. చెప్పులు తెగిపోతాయి. గుర్రాన్ని యాడో ఇడిసేస్తాడు. మందను చూసినాక కూడా ఆ పిల్ల దగ్గరికి ఉరికి పోడు. ఎనకాల నడుస్తాడు. కుంటి గొర్రె ఒకటి ఎనకపడింటే, దాంతోపాటు నడుస్తాడు." పుస్తకాన్ని నా వైపు తోసింది. "నేనైతే ఒప్పుకుంటా వాణ్ని."

ఆ నెల సమీక్ష చివర ఆ మాట పెట్టినా. సంపాదకుడు ఫోన్ చేసి, "మేడం, ఆ ముగింపు వాక్యం కొంచెం సమీక్ష భాషలోకి మారుద్దామా?" అనడిగినాడు.

"ఒద్దు సార్" అన్నా.

మార్చలేదు.